కార్యదర్శి నివేదిక: గ్రాంటు కోసం ఈ ఏడాది పడ్డ పాట్లు

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. వేసవి పిక్నిక్ వానకు కొట్టుకుపోయింది, పులిహోర మాత్రం మిగల్లేదు. జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం. ఇక చాలామంది ఫోన్ చేసి అడిగిన విషయం: ఆదివారం తెలుగు బడికీ, దాంతోపాటు మొదలుపెట్టిన ఉచిత లెక్కల ట్యూషన్‌కూ గ్రాంటు వచ్చిందా?

రాలేదు.

ఇక్కడ అమెరికాలోని మేరీల్యాండ్‌లో చదువుకూ, యూదు సమాజ కార్యక్రమాలకూ డబ్బిచ్చే ఒక కుటుంబ ఫౌండేషన్‌కు మార్చిలో రాశాం. నాలుగు పేజీల ఉత్తరం. మన సంస్కృతి, మన పండుగలు, కూచిపూడి ఫొటోలు. రెండు వారాలకు రెండు వాక్యాల జవాబొచ్చింది: కృతజ్ఞతలు, ఇది మా పరిధిలోకి రాదు. ఆ ఉత్తరం రాసింది నేనే కాబట్టి తప్పు కూడా నాదే.

ఆ తర్వాత కోశాధికారి గారు అసలు పని చేశారు. ఇక్కడి ప్రైవేటు ఫౌండేషన్లు ఏటా పన్ను శాఖకు 990-పీఎఫ్ అనే ఫారం దాఖలు చేయాలి. దాన్ని ఎవరైనా చూడొచ్చు. ఎవరికి ఎంత ఇచ్చారో పేరుపేరునా ఉంటుంది. మేమే ఎంచుకున్న సంస్థలకు తప్ప అడిగినవాళ్లకు ఇవ్వం అని టిక్ పెట్టే గడి కూడా అందులో ఉంది. దాన్ని చూడకుండా ఉత్తరాలు రాయడమంటే తాళం వేసిన ఇంటి తలుపు కొట్టడమే. అదృష్టం, వీళ్లు ఆ టిక్ పెట్టలేదు. జాబితాలో యూదు పాఠశాలలు, వేసవి శిబిరాలు, వాటి పక్కనే ప్రభుత్వ బడి పిల్లల ట్యూషన్లు, ఒక లైబ్రరీ ఉన్నాయి. భాషా సంఘం ఒక్కటీ లేదు. అంటే వాళ్లకు మన పండుగలతో పని లేదు, ట్యూషన్‌తో ఉండొచ్చు.

"వాళ్ల దగ్గర కోట్లున్నాయి, మనకు కాస్త ఇస్తే ఏం పోయింది" అని కమిటీలో ఒకరన్నారు. చట్టం ప్రకారం ఇలాంటి ఫౌండేషన్ తన ఆస్తుల విలువలో సుమారు 5 శాతం ఏటా పంచాలి. ఆ జాబితా చూస్తే అందులో చాలా భాగం ఏళ్లుగా తీసుకుంటున్న సంస్థలకే పోతోంది. మిగిలిన చిన్న ముక్క కోసమే మనలాంటి వాళ్లందరూ క్యూలో ఉన్నాం.

ఇంకో సలహా వచ్చింది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు సమాజం ఉంది కదా, వాళ్ల పేరు దరఖాస్తులో రాద్దామని. వాళ్లతో మనకు ఉత్తరప్రత్యుత్తరాలైనా లేవు. వాళ్ల పేరు వాడుకుని డబ్బడగడం దొంగ చుట్టరికం కలుపుకోవడమేనని కమిటీ వద్దంది.

దానికి బదులు దగ్గర్లోని సినగాగ్‌కు, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి వెళ్లాం. అక్కడ ఆదివారం హీబ్రూ బడి నడుస్తుంది. వాళ్ల బాధా మన బాధే: బార్ మిట్జ్‌వా (పదమూడో ఏట చేసే యుక్తవయసు వేడుక) అయ్యాక పిల్లలు రావడం మానేస్తారట. మన పిల్లలు గుణింతాల దగ్గరే ఆగిపోతారని చెబితే టీచరమ్మ పడిపడి నవ్వారు. మనం దానం అని అనువదించే 'త్సెదకా' అనే హీబ్రూ మాటకు మూలంలో న్యాయం, ధర్మం అని అర్థమని ఆవిడే చెప్పారు.

రోసెన్‌వాల్డ్ బడుల సంగతీ అక్కడే కదిలింది. సియర్స్ అనే దుకాణాల కంపెనీ అధినేత, యూదుడైన జూలియస్ రోసెన్‌వాల్డ్, నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్‌తో కలిసి అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లలకు 5 వేలకు చేరువగా బడులు కట్టించాడు. వాటిలో కొన్ని మేరీల్యాండ్‌లోనూ ఉన్నాయి. అయితే ఆయన మొత్తం ఖర్చూ ఇవ్వలేదు. ఊరివాళ్లు కూడా డబ్బో, కలపో, శ్రమో పెట్టాలి, ప్రభుత్వం తన వంతు ఇవ్వాలి. లెక్క తీస్తే ఆ పేద కుటుంబాలు పోగేసిన మొత్తం ఆయనిచ్చిన దానికంటే కాస్త ఎక్కువే.

ఇది విన్నాక మన పరిస్థితి తలుచుకుంటే సిగ్గేసింది. ట్యూషన్‌కు మన సభ్యులు ఇచ్చింది హాలు అద్దెకు కూడా చాలలేదు. ఫౌండేషన్ ఆఫీసులో ఫోన్ ఎత్తినావిడ కూడా మొదట అడిగింది అదే: మీవాళ్లు ఎంత పెడుతున్నారు?

రెండో ఉత్తరం ఒక్క పేజీలో సిద్ధమైంది. పండుగలు తీసేశాం. ట్యూషన్ ఏ ఇంటి పిల్లలకైనా అని రాశాం, ఇప్పటికే పక్క అపార్ట్‌మెంట్ల నుంచి తెలుగు రాని పిల్లలు వస్తున్నారు కూడా. ఖాళీగా ఉన్నది సభ్యుల వాటా అనే గడి ఒక్కటే. అది నిండాకే ఉత్తరం పంపుతాం. చెక్కులు కోశాధికారి గారికి ఇవ్వండి. ఆదివారాలు హాజరు పట్టీ రాయడానికి ఇద్దరు కావాలి, పేర్లు నాకు చెప్పండి.