అఫ్గాన్ ఆడవాళ్ల పేరు చెప్పి సాగిన యుద్ధం

సంపాదకుల వారికి,

నమస్కారం. అమెరికా సేనలు 2021లో వెళ్లిపోకుండా ఉంటే అఫ్గానిస్థాన్‌లో ఆడపిల్లలు ఈపాటికి నిక్షేపంగా చదువుకుంటూ ఉండేవారని, స్త్రీల హక్కుల కోసమైనా అక్కడ విదేశీ సైన్యం కొనసాగవలసిందని వాదిస్తూ ఇటీవల మీ సంపాదకీయ పుటలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. తాలిబాన్ విదేశాంగ మంత్రి అమీర్ ఖాన్ ముత్తాకీ 2025 అక్టోబరు 10న ఢిల్లీలోని అఫ్గాన్ రాయబార కార్యాలయంలో పెట్టిన విలేకరుల సమావేశానికి మహిళా విలేకరులను రానివ్వకపోవడం, దుమారం రేగాక రెండు రోజులకు వారిని కూడా పిలిచి మరో సమావేశం జరపడం మనమంతా చూశాం. మన రాజధానిలోనే అంత తెగువ చూపినవారు సొంతగడ్డ మీద ఎలా ఉంటారో చెప్పనక్కర్లేదు. ఆ ఆవేదన విషయంలో వ్యాసకర్తతో నాకు తగువు లేదు. ఆయన సూచించిన మందు మీదనే నా అభ్యంతరం. రాజనీతిశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి కొంత వివరంగా రాస్తున్నాను, మన్నించగలరు.

ముందుగా ఒప్పుకోవలసినవి ఒప్పుకుంటాను. 2001లో అఫ్గాన్ బడుల్లో ఆడపిల్లల సంఖ్య అధికారికంగా దాదాపు సున్నా అయితే, 2018 నాటికి ప్రాథమిక పాఠశాలల్లోనే 25 లక్షల మంది ఉన్నారని యునెస్కో లెక్క చెబుతోంది. 2004 నాటి రాజ్యాంగం ప్రకారం దిగువసభలోని 249 స్థానాల్లో 68 స్త్రీలవి. 2024లో మన లోక్‌సభకు 543 మందిలో 74 మంది మహిళలే ఎన్నికయ్యారన్నది గుర్తుచేసుకుంటే మనం పాఠాలు చెప్పే స్థితిలో ఏమీ లేమని తెలుస్తుంది.

అయితే నా దృష్టిలో 2001 నుంచి 2021 వరకు అమెరికా సేనలున్న ఆ ఇరవై ఏళ్లలో జరిగిన అసలైన మేలు మంత్రసానుల శిక్షణ. 2002లో అంత పెద్ద దేశం మొత్తమ్మీద శిక్షణ పొందిన మంత్రసానులు 500 మంది కూడా లేరు. మగ డాక్టరు చేయి పట్టి చూడడానికి కూడా ఒప్పుకోని పల్లెల్లో కాన్పు అడ్డం తిరిగిందంటే తల్లి మీద ఆశ వదులుకోవలసిందే. ఊరివాళ్లే తమలో ఒక అమ్మాయిని ఎంచి పంపడం, ఆమె సుమారు రెండేళ్లు నేర్చుకుని తిరిగి ఆ ఊరికే వచ్చి పురుళ్లు పోయడం అనే పద్ధతి పెట్టాక, పదేళ్లలో వారి సంఖ్య వేలకు చేరింది. 2000లో లక్ష సజీవ జననాలకు వెయ్యికి పైగా ఉన్న మాతృమరణాలు 2020 నాటికి 600 ప్రాంతానికి తగ్గాయి.

ఇందులో సైనికుడు చేసినదేమిటి? 2003 నుంచి పల్లెల్లో వైద్యసేవలను నడిపినవి ఎక్కువగా స్వచ్ఛంద సంస్థలు. అవి తాలిబాన్ చేతిలో ఉన్న జిల్లాల్లో కూడా స్థానిక పెద్దలతో మాట్లాడుకుని క్లినిక్‌లు నడిపాయి, అంటే విదేశీ సైనికుడు అడుగుపెట్టలేని చోట కూడా మంత్రసాని వెళ్లగలిగింది. డబ్బు విదేశాలదన్న మాట నిజం, కానీ డబ్బు పంపడం వేరు, బాంబులు వేయడం వేరు. ఈ రెండింటినీ ఒకే ఖాతాలో రాసి, వచ్చిన మేలంతా సైన్యం పద్దులో వేయడం దగ్గరే వ్యాసకర్త లెక్క తప్పిందని నా అభిప్రాయం. కుందూజ్‌లో గాయపడినవారికి వైద్యం చేసే అంతర్జాతీయ వైద్య సంస్థ ఆసుపత్రిని 2015 అక్టోబరు 3న అమెరికా యుద్ధవిమానమే కూల్చింది. అందులో 42 మంది చనిపోయారు.

వ్యాసంలో కనిపించే అఫ్గాన్ స్త్రీ కాబూల్ విశ్వవిద్యాలయంలోనో, టీవీ తెర మీదనో ఉంటుంది. ఆ దేశ జనాభాలో నాలుగింట మూడు వంతుల మంది పల్లెల్లో ఉన్నారు, యుద్ధం జరిగింది ఆ పల్లెల్లోనే. 2010 ఫిబ్రవరి 12న పక్తియా రాష్ట్రంలోని గర్దేజ్ దగ్గర ఖతాబా అనే ఊళ్లో ఒక ఇంట బిడ్డకు పేరు పెట్టే వేడుక జరుగుతోంది, మన బారసాల వంటిదే. చుట్టాలంతా చేరి ఉన్నారు. రాత్రివేళ అమెరికా ప్రత్యేక దళం ఆ ఇంటిని చుట్టుముట్టి కాల్పులు జరిపింది. చనిపోయిన అయిదుగురిలో ఇద్దరు పురుషులు అఫ్గాన్ ప్రభుత్వోద్యోగులే, ఒకరు పోలీసు అధికారి, మరొకరు ప్రాసిక్యూటర్. మిగిలిన ముగ్గురూ ఆడవాళ్లు, వారిలో ఇద్దరు గర్భిణులు, ఒకరు పెళ్లి కావలసిన పిల్ల. తాము వెళ్లేసరికే ఆ ఆడవాళ్లు కట్టిపడేసిన శవాలై ఉన్నారని నాటో దళాలు మొదట ప్రకటించాయి, అంటే ఇంట్లోవాళ్లే చంపుకున్నారన్న అర్థం వచ్చేలా. రెండు నెలలకు, ఏప్రిల్‌లో, తమ కాల్పుల్లోనే వారు చనిపోయారని ఒప్పుకోక తప్పలేదు. ఆ తర్వాత అమెరికా ప్రత్యేక దళాల అధిపతి పష్తూన్ ఆచారం ప్రకారం గొర్రెను వెంటబెట్టుకుని ఆ ఇంటి గుమ్మానికి వెళ్లి క్షమాపణ అడిగారు. అఫ్గాన్ మగవాళ్లు తమ ఆడవాళ్లను చంపుకునే రకమన్న నమ్మకం చేతిలో సిద్ధంగా ఉండబట్టే ఆ మొదటి ప్రకటన అంత తేలికగా నోట వచ్చిందన్నది గమనించదగ్గ విషయం.

తార్నాకలో మా మేడ మీది గదిలో కొంతకాలం కాబూల్ నుంచి చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి అద్దెకుండేది. ఇంగ్లీషు ఎం.ఏ. చదివేది, నన్ను ఆంటీ అని పిలిచేది. తనకు చదువు దక్కింది 2001 తర్వాతనే అని ఆ అమ్మాయి ఎన్నడూ దాచలేదు. కానీ వర్దక్ రాష్ట్రంలో ఉండే అమ్మమ్మ గురించి చెప్పేటప్పుడు గొంతు మారేది. హెలికాప్టరు చప్పుడు వినబడితే చాలు, ఆవిడ పొయ్యి మీది పాలగిన్నె దించి, దీపం ఆర్పి, మనవలను గోడవారగా పడుకోబెట్టేదట. ఆ అలవాటు ఎంతగా పట్టుకుందంటే, కాబూల్‌లో కూతురింటికి వచ్చినప్పుడు కూడా చప్పుడు కాగానే స్విచ్ దగ్గరకు వెళ్లేదట. అమ్మమ్మకూ మనవరాలికీ మధ్య ఉన్నది ఒక తరం తేడా మాత్రమే అనుకునేదాన్ని. గంటన్నర ప్రయాణం తేడా కూడా ఉందని ఆ అమ్మాయి చెప్పాక తెలిసింది.

స్త్రీల విముక్తి ఈ యుద్ధానికి లక్ష్యమా, సాకా అన్నది తేల్చుకోవడానికి ఎవరి మనసులోకీ తొంగిచూడనక్కర్లేదు. 2001 నవంబరు 17న అమెరికా అధ్యక్షుడి భార్య లారా బుష్ రేడియోలో మాట్లాడుతూ ఉగ్రవాదంపై పోరు స్త్రీల హక్కుల కోసం, గౌరవం కోసం జరిగే పోరు కూడా అన్నారు. అప్పటికి బాంబులు వేయడం మొదలై ఆరు వారాలైంది. అంతకుముందు అయిదేళ్లూ తాలిబాన్ ఆడవాళ్లను కొరడాలతో కొడుతుంటే ఎవరి సైన్యమూ కదల్లేదు. 1999లో కాబూల్ స్టేడియంలో ఒక స్త్రీని కాల్చి చంపడాన్ని బురఖా కింద కెమెరా దాచి చిత్రీకరించి ప్రపంచానికి చూపినవారు 1977లో కాబూల్‌లో పుట్టిన ‘రావా’ అనే మహిళా సంఘం సభ్యులు. సోవియట్ సేనలను, ఆ తర్వాత ముజాహిదీన్‌లను, తాలిబాన్‌ను వరుసగా ఎదిరించిన ఆ సంఘమే అమెరికా బాంబుదాడులను కూడా వ్యతిరేకించింది. వారు తెచ్చిన దృశ్యాలు పనికొచ్చాయి గాని, వారి మాట మాత్రం ఎవరికీ అక్కరకు రాలేదు.

2010 మార్చిలో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ తయారుచేసిన ఒక అంతర్గత పత్రం, రహస్య పత్రాలను ప్రచురించే వికీలీక్స్ ద్వారా బయటపడింది. సైన్యం కొనసాగింపు మీద తగాదాతో నెదర్లాండ్స్ ప్రభుత్వం అప్పుడే పడిపోయింది, ఫ్రాన్స్, జర్మనీల్లో కూడా జనం మొగ్గు తగ్గుతోంది. అక్కడివారి మద్దతు నిలబెట్టుకోవాలంటే అఫ్గాన్ స్త్రీల చేత మాట్లాడించడం బాగా పనిచేస్తుందని, ముఖ్యంగా యూరప్ మహిళల మీద దాని ప్రభావం ఉంటుందని ఆ పత్రం సలహా ఇచ్చింది. ఆ ఏడాది ఆగస్టులోనే ఒక పేరున్న అమెరికన్ వారపత్రిక, ముక్కు కోయబడిన అఫ్గాన్ యువతి ముఖచిత్రం వేసి, మనం వెళ్లిపోతే ఏమవుతుందో చూడండన్న అర్థంలో శీర్షిక పెట్టింది. ఆ పిల్ల ముక్కు కోసింది 2009లో, అంటే విదేశీ సేనలు ఆ దేశంలో దిగిన ఎనిమిదేళ్లకు.

ఇక బేరం దగ్గరికి వద్దాం. 2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా, తాలిబాన్ సంతకాలు చేసిన ఒప్పందంలో సైనికుల ఉపసంహరణకు గడువులున్నాయి, 5,000 మంది వరకు తాలిబాన్ ఖైదీల విడుదల ఉంది, స్త్రీల హక్కుల గురించి ఒక్క వాక్యం లేదు. అఫ్గాన్ ప్రభుత్వాన్నే పక్కన కూర్చోబెట్టిన చోట స్త్రీలను అడిగేవారెవరు? మరుసటి ఏడాది మార్చిలో మాస్కోలో జరిగిన చర్చలకు, దేశంలో తొలి మహిళా గవర్నరుగా పనిచేసిన హబీబా సరాబీ ఒక్కరే స్త్రీగా హాజరయ్యారు. ఆ ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ వశమైంది. వ్యాసకర్త అన్నట్టు ఇది ఉపసంహరణలో జరిగిన పొరపాటేమీ కాదు. అక్కడి స్త్రీలు ఓట్లువేసి ఎన్నుకోని, పన్ను కట్టని, నిలదీయలేని సైన్యం తన దేశ ఎన్నికలను, తన ఖజానాను చూసుకునే వెళ్తుంది. ఏ సైన్యమైనా అంతే.

ఆ సైన్యం ఎవరిని వెంటబెట్టుకుని వచ్చిందన్నది కూడా చూడాలి. తాలిబాన్‌ను దించి గద్దెనెక్కించిన వారిలో 1992 నుంచి 1996 వరకు కాబూల్‌ను నేలమట్టం చేసిన ముఠా నాయకులెందరో ఉన్నారు. 2003 డిసెంబరులో రాజ్యాంగ సభలో ఆ సంగతి లేచి చెప్పిన పాతికేళ్ల మలాలై జోయా మైకు కట్ చేశారు. 2005లో ఫరా రాష్ట్రం నుంచి ఆమె ఎన్నికైతే 2007లో పార్లమెంటు నుంచి సస్పెండ్ చేశారు. స్త్రీలపై హింసను నిషేధించే చట్టం 2009లో అధ్యక్షుడి ఉత్తర్వుగా వచ్చింది. 2013 మేలో దాన్ని సభ ముందు పెడితే పావుగంటలో చర్చ ఆపేశారు. ఇలాంటిది మన ప్రాంతానికి కొత్త కాదు. వితంతు వివాహాలను చట్టబద్ధం చేస్తూ కంపెనీ ప్రభుత్వం 1856లో చట్టం చేస్తే, తెలుగునేల మీద వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న, రాజమండ్రిలో. నడుమ పాతికేళ్లూ చట్టం కాగితం మీద ఉంది, ఊళ్లో పీటలు వేసేవాడు లేడు. పోలికను ఇంతకంటే దూరం లాగను, ఎందుకంటే అఫ్గానిస్థాన్‌లో లోపలి ప్రయత్నాలు కూడా తేలికగా సాగలేదు. రాజు అమానుల్లా హయాంలో, రాణి సొరయా చొరవతో 1921లో కాబూల్‌లో ఆడపిల్లల బడి తెరిస్తే, 1929లో తిరుగుబాటు ఆ రాజునే దేశం దాటించింది. అయినా 1964 రాజ్యాంగంతో ఓటు వచ్చింది, 1965లో నలుగురు స్త్రీలు దిగువసభకు ఎన్నికయ్యారు, ఏ విదేశీ సైన్యమూ లేకుండానే. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు దిగాక పల్లెల్లో ఆడపిల్ల చదువు పరాయి ప్రభుత్వం పనిగా ముద్రపడింది, ఆ ముద్రను అమెరికా సేనలు ఇంకా గట్టిగా ఒత్తి వెళ్లాయి.

ఇరాక్ గురించి రెండే మాటలు. అక్కడ 1959 నుంచి ఉన్న కుటుంబ చట్టం ఆ ప్రాంతంలో మెరుగైన వాటిలో ఒకటి. 2003లో అమెరికా ఆక్రమణ తర్వాత ఏర్పాటైన పాలక మండలి ఆ డిసెంబరులోనే దాన్ని రద్దు చేయబోతే మహిళలు వీధికెక్కి ఆపుకున్నారు. 2025 జనవరిలో పార్లమెంటు దాన్ని సవరించి, కుటుంబ వ్యవహారాలను మతశాఖల నియమాల ప్రకారం జరుపుకోవచ్చని దారి తెరిచింది.

2001లో సైన్యం దిగకపోతే ఆ బడులు తెరుచుకునేవా అని వ్యాసకర్త అడగవచ్చు. అప్పటికప్పుడు తెరుచుకునేవి కావనే అనుకుంటాను, ఈ ప్రశ్నను దాటవేయడం నిజాయితీ అనిపించుకోదు. కానీ తాలిబాన్ ప్రభుత్వం రెండు నెలల్లోనే కూలింది. 2001 డిసెంబరులో లొంగుబాటుకు దాని నాయకులు కొత్త ప్రభుత్వాధినేతగా ఎంపికైన కర్జాయ్‌తో మాట్లాడుకుంటే ఆ ఏర్పాటును అమెరికా రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ తోసిపుచ్చారు. తర్వాతి ఇరవై ఏళ్ల యుద్ధం బడులు తెరవడానికి జరిగింది కాదు. బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకుల లెక్కలో ఆ యుద్ధ వ్యయం సుమారు 2.3 లక్షల కోట్ల డాలర్లు, నేరుగా చనిపోయిన అఫ్గాన్ పౌరులు 46,000 పైచిలుకు. అంత ఖర్చు చేసిన దేశం 2025లో సహాయ నిధులు ఆపేస్తే వందల సంఖ్యలో ఆరోగ్య కేంద్రాలు మూతపడ్డాయి. 2022 మార్చి 23న హైస్కూళ్లు తెరిచిన కొన్ని గంటలకే ఆడపిల్లలను ఇళ్లకు పంపేసిన తాలిబాన్, 2024 డిసెంబరులో మంత్రసాని కోర్సులను కూడా మూయించింది. ఇప్పుడు అక్కడి పల్లెల్లో పురుడు పోయవలసింది పదేళ్ల కిందట చదువుకున్న ఆ అమ్మాయిలే, వారికి జీతమిచ్చే క్లినిక్ ఉంటే.

కాబట్టి ఎవరి సైన్యం వెళ్లాలన్న చర్చ కంటే మన చేతిలో ఉన్న పనిని చర్చించాలని నా మనవి. కాబూల్‌లో పార్లమెంటు భవనం కట్టించాం, పిల్లల ఆసుపత్రి నడిపించాం, వేలమందికి ఇక్కడ చదువు చెప్పాం, ఒక్క పటాలాన్నీ పంపకుండానే. అలాంటిది, అంతకుముందు అఫ్గాన్లకు ఇచ్చిన వీసాలేవీ చెల్లవని 2021 ఆగస్టు 25న ప్రకటన వెలువడింది. కరోనా రోజుల్లో ఇళ్లకు వెళ్లిన విద్యార్థులు అక్కడే చిక్కుకుపోయారు. 2025 అక్టోబరులో కాబూల్‌లో మన రాయబార కార్యాలయాన్ని మళ్లీ పూర్తిస్థాయిలో తెరిచాం కాబట్టి అక్కడి ఆడపిల్లలకు వీసాలు, ఉపకార వేతనాలు ఇవ్వడం గురించి మీ పత్రిక గట్టిగా అడగాలి. మా మేడ మీది అమ్మాయి కూడా 2020 చివర్లో సెలవులకని వెళ్లింది, చివరి సెమిస్టరు మిగిలిపోయింది. సర్టిఫికెట్లున్న నీలం ప్లాస్టిక్ ఫోల్డరు వచ్చాక తీసుకుంటానని నా చేతికిచ్చి వెళ్లింది. ఏటా ఎండాకాలంలో బీరువా సర్దేటప్పుడు దాన్ని తీసి, తుడిచి, మళ్లీ అదే అరలో పెడుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత అధ్యాపకురాలు,
తార్నాక, హైదరాబాద్