గైడ్ ఖాళీగా ఉందని బాక్సు పారేయొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను నరసన్నపేట చుట్టుపక్కల ఊళ్ళల్లో డిష్‌లు బిగిస్తుంటాను, 18 ఏళ్ళ నుంచి ఇదే పని. మీ పేపర్ రోజూ చదువుతాం గానీ ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పోయిన వారం జలుమూరు వైపు ఒక మామ్మ పక్కింటి కుర్రాడి చేత ఫోన్ చేయించింది, "బావూ, మా పెట్టి పాడైపోనాదట, కొత్తది కొనమన్నారు, నువ్వోపాలి వచ్చి సూడు" అని. వెళ్ళి చూస్తే బొమ్మ శుభ్రంగా వస్తోంది, సౌండ్ వస్తోంది, సిగ్నల్ ఫుల్లు. ఇంకేటి పాడైంది మామ్మా అంటే రిమోట్ తీసి గైడ్ బటన్, అంటే ఏ చానల్లో ఎప్పుడు ఏ ప్రోగ్రాం ఉందో చూపించే పట్టిక బటన్, నొక్కి చూపించింది, అన్ని చానళ్ళ ఎదురుగా నో ఇన్ఫర్మేషన్ అని ఉంది, అంతే. టౌన్లో ఒక షాపతను అది చూసి మెమరీ కాలిపోయింది, కొత్త బాక్సుకి 1,800 అవుతుంది అన్నాడంట. ఆ మామ్మ ఇల్లు నడిచేది పింఛను డబ్బుల మీద. నేను ఏమీ విప్పలేదు, బాక్సు ఆపకుండా ఆ చానల్ మీదే అలా ఉంచమన్నాను, మామ్మ టీ పెట్టింది, తాగి గ్లాసు కింద పెట్టేసరికి గైడ్ నిండిపోయింది.

ఇలాంటివి నాకు నెలకి నాలుగైదు వస్తాయి, అందుకే ఈ గైడ్ సంగతి నలుగురికీ తెలిసేలా మీ పేపర్లో రావాలని రాస్తున్నాను.

చాలామంది ఏమనుకుంటారంటే వారం రోజుల ప్రోగ్రాములు కంపెనీ వాళ్ళు బాక్సులో ముందే ఎక్కించి ఇస్తారని, ఫోన్లో పాటలు ఎక్కించినట్టు. అలా కాదు. ఉపగ్రహం ఉండేది దాదాపు 36 వేల కిలోమీటర్ల పైన, మన మేడ మీద గొడుగు అక్కడ్నుంచి వచ్చేది పట్టుకోవడమే తప్ప పైకి ఏమీ పంపలేదు, అంటే బాక్సు "ఈ రాత్రి ఏముంది" అని అడిగే దారే లేదు. అందుకని గైడ్‌ని ముక్కలు ముక్కలు చేసి రాత్రీ పగలూ తిప్పి తిప్పి పంపుతూనే ఉంటారు. ఆముదాలవలస స్టేషన్లో రైలు అనౌన్స్‌మెంట్ లాగన్నమాట, మనం లేటుగా వెళ్ళినా కాసేపు నిలబడితే మళ్ళీ వినిపిస్తుంది కదా. బాక్సు కూడా అలాగే నిలబడి విని ఒక్కో ముక్కా పేర్చుకుంటుంది.

బొమ్మ, సౌండ్, గైడ్ అన్నీ 188 బైట్ల చిన్న చిన్న ప్యాకెట్లుగా ఒకే కేబుల్లో దిగుతాయి, దేని ప్యాకెట్లకి దాని నంబరు. టీవీ సిగ్నల్ పంపడానికి వాడే డీవీబీ అనే పద్ధతిలో గైడ్ నంబరు 18, ఆ పట్టికని ఈఐటీ అంటారు. అందులో ఇప్పుడు వస్తున్నదీ దాని తర్వాతదీ ఒక రకం, మనం చూస్తున్న ఫ్రీక్వెన్సీకి సంబంధించి ఇది ప్రతి 2 సెకన్లకీ ఒకసారి రావాలని రూలు, అందుకే చానల్ మార్చగానే కింద పట్టీలో పేరు పడిపోతుంది. ముందు రోజుల ప్రోగ్రాములు రెండో రకం, పద్ధతి ప్రకారం 64 రోజుల దాకా పంపే వీలుంది గానీ మనకి వచ్చేది చాలావరకు వారం లోపే, ఇది మెల్లిగా నిండుతుంది, జనం కంగారు పడేది కూడా ఇక్కడే.

ప్రతి ముక్క మీదా ఒక వెర్షన్ నంబరు ఉంటుంది, 0 నుంచి 31 దాకా వెళ్ళి మళ్ళీ 0 కి వస్తుంది. తన దగ్గరున్న నంబరే పైనుంచి వస్తుంటే బాక్సు వదిలేస్తుంది, నంబరు మారితే పాతది తీసీసి కొత్తది పెట్టుకుంటుంది, గైడ్ అప్‌డేట్ అవడం అంటే ఇదే. కాబట్టి వాన వల్ల క్రికెట్ సాగిపోయి తర్వాత ప్రోగ్రాం టైమ్ మారినా గైడ్‌లో పాత టైమే చూపిస్తోందంటే చాలాసార్లు తప్పు బాక్సుది కాదు, అక్కడ మార్చి పంపాల్సిన వాళ్ళు మార్చలేదు. దానికి బాక్సుని రీసెట్ కొట్టి లాభం లేదు, పైగా ఉన్న గైడ్ కూడా పోతుంది.

ఇక అసలు విషయం, ఇంత కష్టపడి పేర్చుకున్నది ఎక్కడ పెట్టుకుంటుంది అనేది. మన ఇళ్ళల్లో ఉండే తక్కువ ధర బాక్సుల్లో ఎక్కువ శాతం ర్యామ్‌లోనే పెడతాయి, కరెంటు పోతే ర్యామ్‌లో ఏమీ మిగలదు. చానల్ లిస్టు ఫ్లాష్ మెమరీలో ఉంటుంది కాబట్టి అది పోదు, గైడ్ పోతుంది, అందుకే మనకి సగం పాడైనట్టు కనిపిస్తుంది. ఫ్లాష్‌కి ఇన్నిసార్లే రాసి చెరపాలని ఒక లెక్క ఉంటుంది కాబట్టి నిమిషానికోసారి మారే గైడ్‌ని తయారీదార్లు అందులో పెట్టరు, అది నాకు అర్థమవుతుంది. కానీ ఎనిగ్మా2 అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఖరీదైన బాక్సుల్లో ఆపేటప్పుడు ఒక్కసారి గైడ్ మొత్తం ఫైల్లాగ సేవ్ చేసుకుని ఆన్ చేసినప్పుడు మళ్ళీ చదువుకుంటాయి, రోజుకి ఒక్కసారి రాస్తే ఫ్లాష్ అరిగిపోదు. ఈ పాటి పని చిన్న బాక్సుల్లో కూడా పెట్టమని మీ పేపర్ ద్వారా గట్టిగా అడుగుతున్నాను, ఎందుకంటే కరెంటు ఎక్కువగా పోయేది మాలాంటి ఊళ్ళల్లోనే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో చాలా ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు, కొబ్బరి చెట్లతో పాటు గొడుగులూ ఎగిరిపోయాయి. కరెంటు వచ్చాక మందస, కవిటి వైపు వెళ్ళి ఎన్ని గొడుగులు మళ్ళీ నిలబెట్టానో. బాక్సు ఆన్ చేయగానే గడియారం 1970 జనవరి 1 అని చూపించేది, అది చూసి బాక్సు పోయిందని ఏడ్చిన వాళ్ళని చూశాను. టైమ్ కూడా పైనుంచే వస్తుంది, లోపల గడియారానికి బ్యాటరీ లేని బాక్సులు సిగ్నల్ దొరికేదాకా అలాగే చూపిస్తాయి. సిగ్నల్ సరిచేసిన నిమిషంలోపే తేదీ సర్దుకునేది. ఆ టైమ్ గ్రీనిచ్ లెక్కలో వస్తుంది, మనకి 5:30 గంటలు కలపాలి, మెనూలో టైమ్ జోన్ సున్నా ఉంటే రాత్రి 8:00 సీరియల్ మధ్యాహ్నం 2:30 అని చూపిస్తుంది. అది కూడా రిపేరు కాదు, మెనూలో ఒక్క సెట్టింగు.

ఇంకోటి, రాత్రి పడుకునేముందు స్విచ్ బోర్డు దగ్గరే ఆపేయడం మన అలవాటు. బాక్సులో సిగ్నల్ పట్టే ట్యూనర్ ఒకసారికి ఒక ట్రాన్స్‌పాండర్నే, అంటే ఉపగ్రహం నుంచి కొన్ని చానళ్ళని కలిపి పంపే ఒక ఫ్రీక్వెన్సీనే, వినగలదు, ఫ్రీ డిష్‌లో కూడా చానళ్ళు వేరే వేరే ట్రాన్స్‌పాండర్ల మీద ఉంటాయి, మనం ఒకటి చూస్తుంటే మిగతావాటి గైడ్ రాకపోవచ్చు. కొన్ని బాక్సులు మనం పడుకున్నాక స్టాండ్‌బైలో ఒక్కోదాన్నీ తిరిగి గైడ్ తెచ్చుకుంటాయి, స్విచ్ ఆపీసాక అదెలా తెస్తుంది. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు మాత్రం ప్లగ్గూ కేబులూ రెండూ పీకేయాల్సిందే, అందులో మార్పు లేదు, మిగతా రోజుల్లో రిమోట్‌తో ఆపితే చాలు.

ఆ మామ్మకి ఇంగ్లీషు రాదు. ఏ గడిలో ఏ సీరియల్ ఉంటుందో మనవడు చూపిస్తే గుర్తుపెట్టుకుంది, గడి జరిగితే పాపం దారి తప్పుతుంది. తెలుగు చానల్, తెలుగు సీరియల్, చూసేది తెలుగు మామ్మ, పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, నాకు దీని మీద చాలా బాధ ఉంది. ఈఐటీలో ఒకే ప్రోగ్రాం పేరు రెండు మూడు భాషల్లో పంపొచ్చు, ఒక్కోదానికీ భాష కోడ్ పెడతారు, తెలుగుకి టీ ఈ ఎల్ అని కోడ్ ఉంది. అక్షరాలని నంబర్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం ఒక్కోటి 3 బైట్లు తింటుంది, గుణింతం గుర్తులకి విడిగా ఇంకో 3, పేరూ చిన్న వివరమూ కలిపి 250 బైట్లు దాటకూడదు, సీరియల్ పేరుకి అది బోలెడు, పెద్ద వివరానికి వేరే చోటు ఉంది. బాక్సులో తెలుగు ఫాంట్ లేకపోతే ఖాళీ గళ్ళు పడతాయి నిజమే, ఫాంట్ పెట్టమనే కదా అడుగుతున్నాం. చానళ్ళ వాళ్ళూ డీటీహెచ్ వాళ్ళూ బాక్సులు చేసేవాళ్ళూ కలిసి చెయ్యాల్సిన పని ఇది.

అదయ్యేలోపు మీరొకటి చెయ్యగలరు. ముందు మీ పేపర్లో టీవీ ప్రోగ్రాముల పట్టిక వచ్చేది, మా నాన్న చూడాల్సినవాటి కింద పెన్నుతో గీత గీసి పేపర్ టీవీ మీద పెట్టేవాడు. కనీసం ఆదివారం పేజీలో తెలుగు చానళ్ళవి మళ్ళీ వెయ్యండి, పక్కనే గైడ్ ఖాళీ అయితే అరగంట ఆన్‌లో ఉంచి చూడండి, అప్పటికీ రాకపోతేనే మెకానిక్‌ని పిలవండి అని రెండు లైన్లు పెట్టండి. పెడితే ఆ పేజీ జలుమూరు మామ్మకి నేనే తీసుకెళ్ళి ఇస్తాను.

ఇట్లు,
ఒక డిష్ మెకానిక్,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా