తిమింగలాల మేత మన దాణా సంచుల్లోకి

అయ్యా,

సముద్రానికి ఇంత దూరాన ఉన్న నల్లగొండ జిల్లావాడికి తిమింగలాలతో ఏం పని అనుకోవద్దు. చిట్యాల దగ్గర మాకు కోళ్ల ఫారం ఉంది. దాణా మేమే కలుపుకుంటాం: మొక్కజొన్న, సోయా చెక్క, తౌడు, వాటితోపాటు ఎండుచేపల పొడి. ఒక్కోసారి ఆ పొడి సరిగా నలగదు. సంచి మూతి విప్పితే వేలెడు చేపలు తలా తోకా ఊడకుండా కనబడతాయి, పొలుసు అరచేతికి అంటుకుంటుంది. అవి చాలావరకు కవళ్లు (సార్డిన్ చేపలు), అదీ గుడ్డు పెట్టే వయసు రాని పిల్లలు.

ఈ కవళ్లు తినే హంప్‌బ్యాక్ అనే జాతి తిమింగలాలు అరేబియా సముద్రంలో ఉన్నాయి. మిగతా చోట్ల హంప్‌బ్యాక్ తిమింగలాలు ఎండాకాలమంతా చల్లటి సముద్రాల్లో మేసి, చలికాలంలో ఈనడానికి వెచ్చటి నీళ్లకు వస్తాయి. అక్కడ నెలల తరబడి దాదాపు పస్తే, ఒంట్లో కొవ్వే ఆధారం. అరేబియా సముద్రపు మంద మాత్రం ధ్రువాల దిక్కు పోదు. మనకు వానలు తెచ్చే నైరుతి గాలులే ఒమన్ తీరంలో పైనీటిని పక్కకు తోస్తే, అడుగు నుంచి చల్లటి, సారమున్న నీరు పైకొస్తుంది. ప్లవకాలు, అంటే నీళ్లలో తేలే సన్నటి జీవులు, పెరుగుతాయి, వాటిని తిని కవళ్లు పెరుగుతాయి. ఇక్కడ మా చెరువులు అలుగు పోసే రోజుల్లోనే అక్కడ వాటికి మేత.

1966 నవంబరులో సోవియట్ ఓడలు వీటిలో 242 తిమింగలాలను చంపేశాయి. ఇప్పుడు ఒమన్ వైపు వందలోపే ఉన్నాయని అంచనా. 2017 చివర్లో అక్కడ ఉపగ్రహ ట్యాగు తగిలించిన లుబాన్ అనే ఆడ తిమింగలం సముద్రం దాటి దక్షిణ భారత తీరం దాకా వచ్చి వెళ్లింది. ఆ తీరంలోనే కేరళలో 2012లో దాదాపు 4 లక్షల టన్నులు పడిన కవళ్లు 2021లో 3,297 టన్నులకు పడిపోయాయి. సముద్రం వేడెక్కడం వంటి కారణాలూ ఉన్నాయి, నిజమే. పిల్ల చేపల్ని పట్టి పిండి చేయడం మాత్రం పూర్తిగా మన చేతిలో పని.

10 సెంటీమీటర్ల లోపు కవళ్లు పట్టకూడదని కేరళ 2015లోనే నిబంధన పెట్టింది. తీరమున్న ప్రతి రాష్ట్రంలో అది గట్టిగా అమలు కావాలి. చేపల పొడి సంచి మీద ఏ చేప, ఏ రేవు నుంచి వచ్చిందో అచ్చు వేయించాలి. తోటి రైతులకు ఒక మాట: సోయా చెక్క పెంచి, మిథియోనిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు విడిగా కలిపితే చేపల పొడి లేకుండానే నడుస్తుంది. మా షెడ్డులో గుడ్లు తగ్గలేదు. సోయా ధర ఎక్కిన నెలల్లో ఖర్చు పెరుగుతుంది, అక్కడే పశుసంవర్ధక శాఖ రాయితీతో ఆదుకోవాలి.

– ఒక కోళ్ల రైతు, చిట్యాల, నల్లగొండ జిల్లా