కుర్చీ కనబడకుండా పోయిన బొమ్మ

అమ్మలూ,

కుర్చీనీ దాని మీది బట్టల్నీ వరసగా వేస్తున్నావు కదా, ఆ ఎనిమిది బొమ్మలకీ నువ్వు పంపిన ఫోటోలు ముందు ఫోన్‌లోనే చూశాను. అంత చిన్న తెర మీద ఏం తెలుస్తుంది! ప్రింట్లు తీయించి మిషను ఎదురుగా గోడకి వరసగా అంటించాను. మూడు రోజులుగా కాజాలు కుడుతూ తల ఎత్తినప్పుడల్లా అవే. నాన్న మొదటి బొమ్మ చూసి "ఇది నా చొక్కా కదూ" అని మురిసిపోయారు. ఆరోదాని దగ్గరికొచ్చేసరికి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "కుర్చీ ఏదీ?" అన్నారు. "అదే మరి సంగతి" అన్నాను.

ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను విసుక్కుంటాను, అసలు మాట ఉండిపోతుంది. అందుకని రాస్తున్నాను.

మొదటి మూడూ చిన్నపిల్లలు వేసినట్టున్నాయి, చివరి రెండింటితో కలవడం లేదు, మీ మేడం వాళ్ళు బొమ్మలు చూసే రివ్యూ లోపల వాటి మీద తెల్లరంగు పూసేసి ఏడోదానిలా మళ్ళీ వేసేస్తానన్నావు. పైగా "అవి కచ్చా కుట్టు లాంటివమ్మా, పని అయ్యాక లాగి పారేసేవే" అని నా మాట నాకే అప్పజెప్పావు. తెలివైనదానివే కానీ పోలిక కుదరలేదు. నన్నడిగితే అవి ఆది జాకెట్టు. కొలతకని ఇచ్చిన పాత జాకెట్టు రంగు వెలిసి ఉంటుంది, చంకల్లో పిగిలి ఉంటుంది, దాన్ని చూసి ఎవరూ మెచ్చుకోరు. అయినా కొత్తది కుట్టి చేతికిచ్చేదాకా దాన్ని పోగొట్టం. ఎక్కడ వదులు చేశామో, ఎక్కడ బిగించామో దాని పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

నాకు బొమ్మల సంగతి అంతంతమాత్రం. బట్ట సంగతి మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి బట్ట కుట్టేదానిగా నాకు కనిపించింది చెబుతాను, విను.

మొదటి బొమ్మలో కుర్చీ వీపుకి నాన్న చొక్కా వేలాడుతోంది. మడతలన్నీ పైనుంచి కిందికి, దువ్వెనతో దువ్వినట్టు సమానంగా ఉన్నాయి. నూలు చొక్కా అలా వేలాడదు తల్లీ. బట్టకి నిలువు పోగు, అడ్డం పోగు ఉంటాయి, ఆ రెండు దారుల్లోనూ లాగితే పెద్దగా సాగదు. ఐమూలగా లాగితే సాగుతుంది. క్రాస్ కటింగ్ చేసిన బట్ట ఒంటికి అతుక్కున్నట్టు జారేది అందుకే. చొక్కా భుజం కుర్చీ మూలకి తగులుకుందంటే బరువంతా అక్కడే పడుతుంది, మడత అక్కడ పుట్టి ఏటవాలుగా రెండో వైపుకి పోతుంది. పోతూ పోతూ వెడల్పవుతుంది. నీ బొమ్మలో మడతలకి పుట్టిన చోటే లేదు.

ఇంకా పెద్ద తప్పు ఉంది. ఆ చొక్కాకి రెండో గుండీ లేదు. నువ్వు రంగులు అంటకుండా తొడుక్కోవడానికని పట్టుకుపోయిన రోజుకే లేదు. కుట్టిస్తానంటే వద్దని వెళ్ళిపోయావు. మొదటి బొమ్మలో మాత్రం గుండీలన్నీ బుద్ధిగా వరసలో ఉన్నాయి! ఎదురుగా ఉన్న చొక్కా చూసి వేసింది కాదది. చొక్కా అంటే ఇలా ఉంటుందని నీకు ముందే తెలుసు కదా, ఆ తెలిసింది వేసేశావు.

రెండూ మూడూ కూడా అంతే. మూడోదానిలో కాలర్ కాస్త నయం.

నాలుగోదాని దగ్గర ఏదో మారింది. గుర్తుందా, నీ రూమ్మేట్ పాపం సాయం చేద్దామని ఆ చొక్కా తీసి మడతపెట్టి అల్మరాలో పెట్టిందని రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. బట్టని కదలకుండా నిలపడానికి లియొనార్డో డావించి అంతటివాడికే తిప్పలు తప్పలేదట. పాత మెత్తటి బట్టని తడిమట్టిలో ముంచి, మట్టిబొమ్మల మీద కప్పి, అది కదలకుండా బిగుసుకున్నాక కూర్చుని మడతలు వేసుకునేవాడని ఆ కాలపు చిత్రకారుల జీవితాలు రాసిన వసారి చెప్పాడు. (నువ్వు వదిలేసిపోయిన లావుపాటి కళాచరిత్ర పుస్తకంలోదే ఇది. హెమ్మింగ్ చేస్తూ వీడియోలు కూడా వింటున్నాలే.) నా మటుకు నాకు మట్టిలో ముంచిన బట్ట బట్టలా ఉండదు, బరువెక్కిపోతుంది. నువ్వు మంచిపనే చేశావు. చొక్కా మళ్ళీ పాతలాగే వేయాలని రెండు రోజులు కుస్తీపట్టి, కుదరక, ఎలా పడితే అలానే వేశావు. దాని మీద తువ్వాలు, జీన్సు, దుప్పటి కూడా వచ్చి చేరాయి. ఇంట్లో ఉన్నప్పుడు ఆ కుర్చీ మీది గుట్ట గురించి నిన్ను ఎన్నిసార్లు తిట్టానో! ఇప్పుడదే నీ సిరీస్ అయి కూర్చుంది.

నాలుగోదానిలో జీన్సు మోకాలి దగ్గర విరిగిన తీరు చూడు. మందపాటి బట్ట మెత్తగా ఒంగదు, మోచేతిలా విరుగుతుంది. తువ్వాలు అలా విరగదు, కుప్పకూలుతుంది. ఆ రెంటికీ తేడా నువ్వు కళ్ళతో చూసి వేశావు. ఐదోది నాలుగోదానికి జిరాక్స్. నాలుగోది బాగుందని అందరూ అనేసరికి మళ్ళీ అదే కావాలనిపించి ఉంటుంది. ఏదైనా తీసేయాలంటే దాన్ని తీసేయి, నాకేం అభ్యంతరం లేదు.

ఇక ఆరోది. మీ మేడం ఇచ్చిన ఎక్సర్‌సైజ్ అన్నావు కదా, వస్తువుని వదిలేసి దాని చుట్టూ ఉన్న ఖాళీని వేయమని. కుర్చీ కాళ్ళ మధ్య ఖాళీ, చొక్కా చేతికీ నేలకీ మధ్య ఖాళీ. అవి వేసేసరికి కుర్చీ తనంతట తాను మాయమైంది. నాకు ఇదేమీ వింతగా అనిపించలేదు. చంక కత్తిరించేటప్పుడు నేను చూసేది తీసేసే ముక్క ఆకారాన్నే, మిగిలే బట్టని కాదు. నువ్వేమో భయపడ్డావు. "కుర్చీల బొమ్మలని మొదలుపెట్టి కుర్చీయే లేకపోతే నన్నేమంటారు?" అన్నావు.

నీకు రష్యా చిత్రకారుడు కాండిన్‌స్కీ సంగతి గుర్తు చేయాలి. 1896 ప్రాంతంలో మాస్కోలో ఫ్రెంచి చిత్రాల ప్రదర్శనకి వెళ్ళి మోనె వేసిన గడ్డివామి ముందు నిలబడ్డాడు. అదేమిటో అర్థం కాలేదు. కేటలాగు చూస్తే గానీ అది గడ్డివామి అని తెలియలేదు. గుర్తుపట్టలేకపోయినందుకు ముందు ఇబ్బందిపడ్డాడు, చిత్రకారుడికి అలా వేసే హక్కు లేదనుకున్నాడు. తీరా చూస్తే ఆ బొమ్మ మనసులోంచి పోనంటుంది. వస్తువు కనబడకపోయినా బొమ్మ నిలబడుతుందన్న ఆలోచన ఆయనకి అలా పట్టుకుంది. మీ నాన్న కూడా "కుర్చీ ఏదీ" అన్నాక అక్కడే ఐదు నిమిషాలు నిలబడ్డారు. మొదటిదాని ముందు అర నిమిషం.

మోనె మాటెత్తాను కాబట్టి నువ్వేమంటావో నాకు తెలుసు. ఆయనా సరిదిద్దుకున్నాడు కదా అంటావు. నిజమే. ఫ్రాన్సులోని రూవాన్ చర్చి ముఖద్వారాన్ని 1892లోనూ 1893లోనూ వెళ్ళి ముప్పైకి పైగా కాన్వాసుల మీద వేశాడు. వెలుగు మారగానే కాన్వాసు మార్చేవాడు. కొన్నాళ్ళు ఆడవాళ్ళ బట్టల దుకాణంలో కిటికీ దగ్గర చోటు సంపాదించి వేశాడట. కొనడానికి వచ్చినవాళ్ళు ఇబ్బందిపడితే మధ్యలో తెర పెట్టారట! ఆ ముక్క చదివి నేను ఎంత నవ్వుకున్నానో. చర్చి మీద పడిపోతున్నట్టు, అదీ నీలంగానో గులాబీరంగుగానో పసుపుగానో, కలలొస్తున్నాయని, తర్వాత భార్య అయిన ఆలీస్‌కి ఉత్తరం రాసుకున్నాడు. చివరికి అన్నిటినీ ఇంటికి తెచ్చుకుని, పక్కపక్కన పెట్టుకుని, ఒకదానితో ఒకటి పొసిగేదాకా దిద్ది, 1895లో ఇరవై చూపించాడు. దిద్దడం తప్పని నేననను. కానీ ఆయన మొదటి రోజునుంచీ పట్టుకున్నది ఒకటే, ఆ రాతి మీద పడే వెలుగు. నువ్వు పట్టుకున్నదే మధ్యలో మారిపోయింది. మొదట చొక్కా వేశావు, ఇప్పుడు ఖాళీ వేస్తున్నావు. మొదటివాటిని ఏడోదానిలా దిద్దితే ఆ మార్పు ఎక్కడ జరిగిందో చూసేవాళ్ళకి తెలియదు, కొన్నాళ్ళకి నీకూ గుర్తుండదు.

అన్నీ ఒక్కలా ఉండాలనుకునేవాళ్ళు వేరే రకంగా పని చేస్తారు. జేకబ్ లారెన్స్ అనే అమెరికా చిత్రకారుడు, దక్షిణాది నల్లజాతివాళ్ళు ఉత్తరాదికి వలసపోయిన కథని 1940-41లో 60 బొమ్మలుగా వేశాడు. అప్పటికి ఇరవై మూడేళ్ళు. అరవై పలకలూ ఒకేసారి ముందు పెట్టుకుని ఒక రంగు కలిపి, ఆ రంగు కావలసిన చోటల్లా అన్నిటిలోనూ వేసి, తర్వాతి రంగుకి వెళ్ళేవాడు. యూనిఫారాలు కుట్టేటప్పుడు నేను చేసేదీ అదే, ఒకే తాను, అన్ని ముక్కలూ ఒకేసారి కత్తిరింపు, షేడు తేడా రాదు. ఆయనకి అరవై బొమ్మల కథా ముందే తెలుసు. నువ్వు ఎనిమిదోది ఏమిటో తెలియకుండానే ఏడోది వేశావు. నీ పద్ధతిలో మొదలుపెట్టి ఆయన పద్ధతి ఫలితం కావాలంటే ఎలా?

ఏడోదాన్ని దగ్గరగా ఫోటో తీసి పంపమంటే విసుక్కుంటూ పంపావు కదా. అందులో చూశాను. గుట్ట మధ్యలోంచి చొక్కా ముందుభాగం అరచెయ్యంత కనిపిస్తోంది. రెండో గుండీ ఉండాల్సిన చోట గుండీ లేదు. తెగిన దారం రెండు పోచలు పైకి లేచి ఉన్నాయి, వాటి కింద బట్ట చిన్నగా ముడుచుకుంది. ఒక్క సన్నటి బ్రష్షు విసురుతో వేసినట్టున్నావు. అది చూసి మిషను ఆపేశాను. గుండీ లేని ఆ చోటు వెయ్యమని నీకు ఎవరూ చెప్పలేదు, నువ్వే చూసి వేశావు. ఆ గోడ మీద మొదటి బొమ్మ లేకపోతే నాకా సంగతి తెలిసేదే కాదు. ఇప్పుడు చెప్పు, దాని మీద తెల్లరంగు పూస్తావా?

పూసినా దాక్కోదులే. నూనెరంగు ఏళ్ళు గడిచేకొద్దీ పలచబడినట్టయి కింద ఉన్న గీతలు పైకి తేలతాయి. పాత మాస్టర్ల బొమ్మల్లో కూడా అలా తేలినవి ఉన్నాయి.

ఎనిమిదోది నచ్చింది గానీ తొందరపడ్డావు. నీడల అంచులన్నీ కత్తెరతో కోసినట్టు ఒకే పదునుగా ఉన్నాయి. నేల మీద కుర్చీకాలు ఆనిన చోట నీడ అంచు పదునుగా ఉంటుంది, దూరం పోయేకొద్దీ మెత్తబడుతుంది. ఒకసారి దీపం పెట్టి చూసుకో.

తొమ్మిదోదానికి ఒక మాట చెబుతాను, నచ్చితే చెయ్యి. మొదటిది వేసినప్పుడు చొక్కా ఎలా వేశావో అలాగే కుర్చీకి తగిలించు. అదే కొలత కాన్వాసు. మొదటి బొమ్మని గోడవైపు తిప్పేసి కొత్తగా వెయ్యి. దిద్దాలన్న కోరిక అలా తీర్చుకో. సీసాల బొమ్మలు వేసిన ఇటలీ చిత్రకారుడు మొరాండి తన సీసాలు బల్ల మీద ఎక్కడ పెట్టాడో కింద కాగితం మీద పెన్సిల్‌తో గుర్తులు గీసుకునేవాడు. నువ్వూ కుర్చీ కాళ్ళ చుట్టూ సుద్దతో గీసుకో, రూమ్మేట్ తుడిచేయకుండా ముందే చెప్పు.

ఏ బొమ్మకి ఏ రంగు, ఏ కంపెనీది వాడావో వెనక రాసుకుంటున్నావా? జోసెఫ్ ఆల్బర్స్ అనే చిత్రకారుడు 1950లో, 62వ ఏట, చతురస్రంలో చతురస్రం పెట్టి వేయడం మొదలుపెట్టి, 1976లో పోయేదాకా వెయ్యికి పైగా వేశాడు. ప్రతిదాని వెనకా వాడిన రంగుల పేర్లు రాసేవాడు. నేను కొలతల పుస్తకం రాయనా మరి? నువ్వేమో నాలుగోదానిలో బూడిదరంగు ఎలా కలిపావో నాకే గుర్తులేదన్నావు.

ఇంకో విషయం, ఇది మాత్రం అమ్మగా. బ్రష్షులు తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేసినట్టు ఫోటోలో కనిపించాయి. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోక తనంతట తానే అంటుకుంటుంది. విడదీసి బయట ఆరబెట్టు, లేదా నీళ్ళు పోసిన మూత ఉన్న ఇనప డబ్బాలో వెయ్యి. ఎన్నో బొమ్మ ఎక్కడ తగిలించాలన్న టెన్షన్‌లో ఇది మర్చిపోకు. రాత్రి కిటికీ తీసి పడుకో.

రివ్యూలో సిరీస్ కలవడం లేదంటే అననీ. ఐదోది తప్ప మిగతావి వేసిన వరసలోనే తగిలించి, నాన్న నిలబడినట్టు వాళ్ళు ఏ బొమ్మ ముందు ఎంతసేపు నిలబడ్డారో లెక్కపెట్టుకో.

సెలవులకి వచ్చేటప్పుడు ఆ చొక్కా తీసుకురా, ఉతికి ఇస్తాను. గుండీ మాత్రం తొమ్మిదోది అయ్యేదాకా కుట్టను.

అమ్మ