పీఎస్ఎల్వీ రిపోర్టు ఎప్పుడు బయటపెడతారు సార్? జితేంద్ర సింగ్ గారికి బెజవాడ నుంచి బహిరంగ లేఖ

కేంద్ర అంతరిక్ష శాఖ సహాయ మంత్రి డాక్టర్ జితేంద్ర సింగ్ గారికి,

నమస్కారం సార్. నేను విజయవాడ సింగ్ నగర్లో చిన్న జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుకుంటా. నీకెందుకయ్యా రాకెట్ల గొడవ అని మీ ఆఫీసులో ఎవరైనా అనొచ్చు. శ్రీహరికోట మా రాష్ట్రంలోనే ఉంది, మా బుడమేరు పొంగితే ఎంత దూరం మునిగిందో మీ ఉపగ్రహాలే చూపించాలి, కాబట్టి అడిగే హక్కు నాకుందనే అనుకుంటున్నా.

సూటిగా మేటర్‌కి వస్తా, ఫెయిలైన పీఎస్ఎల్వీ రాకెట్ రిపోర్టు గురించే అడుగుతున్నా. 2025 మే 18 ఆదివారం పొద్దున 5:59కి ఇస్రో రాకెట్ పీఎస్ఎల్వీ-సీ61 లేచింది. ఫోన్లో లైవ్ చూస్తున్నా. మొదటి స్టేజి బాగానే పోయింది, రెండోదీ పోయింది, మూడో దాంట్లో ఏదో తేడా కొట్టింది. కాసేపటికి ఇస్రో ఛైర్మన్ నారాయణన్ గారు వచ్చి మూడో స్టేజి మోటార్ కేస్‌లో ప్రెషర్ పడిపోయింది, మిషన్ పూర్తి కాలేదు, అనాలిసిస్ చేసుకుని మళ్ళీ వస్తాం అని నాలుగు ముక్కలు చెప్పి వెళ్ళారు. ఆ రోజుకి అంతకన్నా చెప్పలేరు, అది నాకూ తెలుసు. నేనడిగేది తర్వాత సంగతి.

ఆ రోజు పోయింది ఈఓఎస్-09, సుమారు 1,700 కిలోల రాడార్ ఉపగ్రహం. మబ్బులున్నా, అర్ధరాత్రైనా కింద నేల కనపడే రకం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు గండి పడి మా మీదకొచ్చినప్పుడు పైన ఉన్నదంతా మబ్బే కదా సార్, మామూలు కెమెరా ఉపగ్రహానికి ఏం కనపడుద్ది. అలాంటిదే ఈఓఎస్-04 అని 2022 నుంచి పైన ఒకటి ఉంది, లేదనను, కానీ రెండోది కూడా ఉంటే ఒకే ఊరి మీదకి ఇంకా తొందరగా తిరిగొస్తుంది, వరదలో ఆ గంటలే కావాలి. ఉపగ్రహం ఉంటే మేం మునిగేవాళ్ళం కాదని చెప్పట్లేదు, అలా చెప్తే అబద్ధం. కానీ మా లాంటి ఊళ్ళకి పనికొచ్చే వస్తువు పోయింది, ఎందుకు పోయిందో మాకు చెప్పాలి.

వరద తర్వాత గ్రౌండ్ ఫ్లోర్ మునిగినవాళ్ళకి రాష్ట్ర ప్రభుత్వం 25,000 ఇచ్చింది, పై అంతస్తులవాళ్ళకి 10,000. దానికి ముందు ఎన్యూమరేషన్, అంటే ఇంటింటికీ నష్టం లెక్కరాయడం. మా వీధిలో జనం గోడ మీద నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఆ మట్టి గీత దగ్గర నిలబడి ఫోటో దిగారు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకుని నా షాపు ముందు లైను కట్టారు. ఒక పెద్దావిడ పాస్‌బుక్ తడిసి పేజీలు అంటుకుపోతే ఫ్యాన్ కింద పెట్టి ఆరాక జిరాక్స్ తీశాను. ప్రజల డబ్బు కదా, లెక్క అడగాల్సిందే, తప్పు పట్టను. మరి 2025-26 బడ్జెట్లో 13,416 కోట్లు తీసుకున్న శాఖని అదే లెక్క అడిగితే మాత్రం అదేదో దేశద్రోహం అయినట్టు చూస్తారేంటి?

ఇస్రోకి చెప్పే అలవాటు లేక కాదు. 2021 ఆగస్టులో జీఎస్ఎల్వీ-ఎఫ్10 రాకెట్ పోతే, క్రయో స్టేజి (అతి చల్లటి ఇంధనంతో నడిచే పై భాగం) హైడ్రోజన్ ట్యాంకు వాల్వు దగ్గర లీకయ్యి ప్రెషర్ కట్టలేదని వాళ్ళే వివరంగా పెట్టారు. 2022 ఆగస్టులో ఎస్ఎస్ఎల్వీ అనే చిన్న రాకెట్ మొదటి ఫ్లైట్ పోయినప్పుడు కూడా, స్టేజి విడిపోయేటప్పటి వైబ్రేషన్‌కి యాక్సిలరోమీటర్లు (వేగంలో మార్పు కొలిచే సెన్సర్లు) గందరగోళపడ్డాయని చెప్పారు. నాలాంటోడికే అర్థమయ్యేట్టు ఉంది, చాలా మెచ్చుకున్నా. సీ61 దగ్గరికొచ్చేసరికి నోరు కట్టేశారు. కమిటీ వేశారు, కానీ 2026 జనవరి 12న తర్వాతి పీఎస్ఎల్వీ, సీ62 ఎగిరే రోజుకి కూడా ఆ కమిటీ ఏం తేల్చిందో జనం ముందుకు రాలేదు. సీ62 ఏమైంది? మళ్ళీ అదే మూడో స్టేజి. ఈసారి డీఆర్‌డీవో ఉపగ్రహంతో పాటు స్టార్టప్‌ల చిన్న ఉపగ్రహాలు కూడా పోయాయి, అందులో మన హైదరాబాద్ వాళ్ళవీ ఉన్నాయి. మొదటి రిపోర్టు బయట ఉండుంటే వాళ్ళు అందులో తమ ఉపగ్రహం పెట్టాలా వద్దా అని చదువుకునైనా నిర్ణయించుకునేవాళ్ళు.

దేశ భద్రత అంటారు. సరే, భద్రత ఉన్న పేజీలు నల్లరంగు పూసి మిగతావి ఇవ్వండి. సమాచార హక్కు చట్టంలో దేశ భద్రత మినహాయింపు 8(1)(ఎ) చూపించి మొత్తానికి తలుపేసే బదులు అది మేలు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు పైనుంచి చూసే మన సొంత ఉపగ్రహం లేదు, ఆ తర్వాత 1983లో ఇన్శాట్-1బి వచ్చాక తుఫాను ఫోటోలు మొదలయ్యాయి. దాన్ని పైకి తీసుకెళ్ళింది అమెరికా వాళ్ళ ఛాలెంజర్ షటిల్. అదే ఛాలెంజర్ 1986లో ఏడుగురితో పేలిపోతే రోజర్స్ కమిషన్ బహిరంగంగా విచారణ జరిపింది, ఫైన్‌మన్ అనే సైంటిస్టు టీవీ కెమెరాల ముందే రాకెట్‌లో వాడిన రబ్బరు రింగు ముక్కని ఐసు నీళ్ళలో ముంచి, చలికి అది గట్టిపడుద్దని చూపించాడు. మనకి అలాంటి కమిషన్లు వద్దు, కనీసం ఒక పీడీఎఫ్ పెట్టండి.

ఇంకో మాట. 2025 జూన్‌లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా గారు వెళ్ళాల్సిన అమెరికా ఫాల్కన్ రాకెట్లో ఆక్సిజన్ లీకు కనపడితే, అది సరిచేసేదాకా ఇస్రో ఒప్పుకోలేదని నారాయణన్ గారే చెప్పారు, మాకు గర్వంగా అనిపించింది. పక్కోడి రాకెట్ మీద అంత గట్టిగా నిలబడినవాళ్ళు సొంత రాకెట్ గురించి మాకు చెప్పడానికి మొహమాటపడతారా? మన మనుషుల్ని అంతరిక్షానికి పంపే గగనయాన్ వెళ్ళేది ఎల్వీఎం3 అనే వేరే రాకెట్ మీద, పీఎస్ఎల్వీ మీద కాదని నాకు తెలుసు. కానీ రేపు అందులో కూర్చునేది మనుషులు.

రాజకీయం కూడా చెప్తా, కోప్పడకండి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగే నిమిషంలో టీవీ తెర సగం ప్రధాని గారిదే. గెలిచిన రోజు తెర మీదకొచ్చే శాఖ ఓడిన రోజు ఛైర్మన్ ఒక్కడినే ముందుకి తోసేస్తే ఎలా? అంతరిక్ష శాఖ నేరుగా ప్రధాని కిందే ఉంది, జవాబు కూడా అక్కడినుంచే రావాలి. మా ఎంపీలు మీ కూటమిలోనే ఉన్నారు, శ్రీహరికోటలో మూడో లాంచ్ ప్యాడ్‌కి 3,984 కోట్లు వచ్చాయని చెప్పుకుంటున్నారు, సంతోషం. వాళ్ళు కూడా లోక్‌సభలో ఈ ఒక్క ప్రశ్న వేస్తే బాగుంటది.

నేనడిగేది ఇంతే. సీ61, సీ62 రిపోర్టుల సారాంశం పార్లమెంటు ముందు పెట్టండి. ఇకమీదట ఏ రాకెట్ పోయినా ఆరు నెలల్లో రిపోర్టు వెబ్‌సైట్లో పెట్టాలని రూల్ చెయ్యండి. వీలైతే తెలుగులో కూడా ఇవ్వండి సార్, షాపు గోడకి అంటిస్తా, ఇక్కడికొచ్చే ఇంజనీరింగ్ పిల్లలు చదువుకుంటారు.

ఇట్లు,
సింగ్ నగర్, విజయవాడ నుంచి ఒక నెట్ సెంటర్ ఓనర్