వైకల్య శాతం ఎలా లెక్కించారో రాసివ్వరా?

సంపాదకులకు నమస్కారం.

బోగస్ సదరం సర్టిఫికెట్ల (ప్రభుత్వ డాక్టర్లు వైకల్య శాతం రాసిచ్చే కాగితాల) మీద పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. బోగస్ వాళ్లను ఏరేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. కాళ్లూ చేతులూ బాగున్నవాళ్లు నెలనెలా 6,000 దివ్యాంగుల పింఛను తీసుకుంటుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ నిజంగా కాలు దెబ్బతిన్నవాడు ఏం చూపిస్తే డాక్టరు నమ్ముతాడో ఆ వార్తలో ఒక్క ముక్క లేదు.

మా చిన్నాయన కొడుకు బోరు బండి పనికి పోయి, పైపు వచ్చి మీద పడటంతో తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు, కాలు పొట్టిదైపోయింది. పాత సదరంలో 52 శాతం ఇచ్చారు. మొన్న రీవెరిఫికేషన్‌లో 36 అన్నారు. 40 లోపైతే పింఛనుకు అర్హత ఉండదు కాబట్టి సచివాలయం నుంచి నోటీసు వచ్చింది. రీవెరిఫికేషన్ రోజు ఆసుపత్రికి నేనే వెంట వెళ్లాను. ఎక్స్‌రే ఫిల్ములు వేడికి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటే, ముందురోజు రాత్రి మా పిన్నమ్మ కూర్చుని చిరగకుండా విడదీసింది. డిశ్చార్జి కాగితం, ఆపరేషన్ చేసిన డాక్టరు చీటీ అన్నీ ఒకే కవర్లో పెట్టాం. లోపల డాక్టరు ఆ కవరు ముట్టుకోలేదు. ‘నడువు’ అన్నాడు. వీడు గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాడు. ‘సరే, తర్వాతి వాళ్లను పిలువు’ అన్నాడు. అంతే.

కాలి వైకల్యం ఎలా లెక్కగట్టాలో కేంద్రం 2018లో గెజిట్‌లోనే అచ్చేసింది. కీలు ఎంత వంగుతుందో కొలవాలి, కండరాల బలం చూడాలి. కాలు పొట్టిదైతే మొదటి అరంగుళం వదిలేసి, ఆపైన ప్రతి అరంగుళానికి 4 శాతం కలపాలి. ఇవి కాక తొమ్మిది పనులు చేయించి చూడాలి: చదును నేల మీద నడవడం, ఏటవాలు మీద నడవడం, మెట్లెక్కడం, రెండు కాళ్ల మీద నిలబడటం, దెబ్బతిన్న కాలి మీదే నిలబడటం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, మోకాళ్ల మీద కూర్చోవడం, మలుపు తిరగడం. ఒక్కోదానికి 10 శాతం. మావాడిని మెట్లెక్కించింది ఎవరు? గొంతుక్కూర్చోమన్నది ఎవరు? టేపు పెట్టి కాలు కొలిచింది ఎవరు? మరి ఆ 36 ఎక్కడి నుంచి వచ్చింది?

చెవుడు నటించేవాళ్లను పట్టుకోవడానికి బేరా పరీక్ష ఉంది, శబ్దానికి నరాలు స్పందిస్తున్నాయో లేదో యంత్రమే చెబుతుంది. కాలికి అలాంటి యంత్రం లేదు. డాక్టరు చేయించి, చూసి, రాసిందే సాక్ష్యం. ఆ రాత కంప్యూటర్లో ఒక అంకెగా మిగిలితే అప్పీలులో మేం దేన్ని తప్పుబట్టాలి? అర్హత లేదంటే కారణం రాసివ్వాలని దివ్యాంగుల హక్కుల చట్టం కింద వచ్చిన 2017 నిబంధనల్లోనే ఉంది. మాకొచ్చిన నోటీసులో ‘40 శాతం కంటే తక్కువ’ అని తప్ప ఇంకేమీ లేదు.

ఆపరేషన్ అయినవాడికి కనీసం కాగితాలున్నాయి. మన జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయిన ముసలివాళ్లు ఏ కాగితం తేగలరు? జీవితమంతా ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని బతికినవాళ్లకు కేస్ షీట్ ఎవరిచ్చారు?

ఇంకో సంగతి. పాత 52 మీద సంతకం పెట్టిందీ ప్రభుత్వ డాక్టరే, కొత్త 36 మీద పెట్టిందీ ప్రభుత్వ డాక్టరే. ఇద్దరిలో ఒకరు తప్పు రాసి ఉండాలి కదా. నోటీసు మాత్రం కుంటివాడికే. డబ్బు తీసుకుని దొంగ సర్టిఫికెట్లు రాసినవాళ్ల జీతాలు ఎన్ని ఆపారో జిల్లా ప్రజలకు చెప్పాలి. ఏ ఆఫీసుకెళ్లినా ఇదే తంతు. సచివాలయంలో అడిగితే ఎంపీడీఓ ఆఫీసు అంటారు, అక్కడికెళ్తే సర్వర్ పనిచేయడం లేదంటారు, ఆసుపత్రిలో స్లాట్ మెసేజ్ చూపించమంటారు. కర్ర పట్టుకుని నడిచే మనిషిని ఇన్ని గడపలు తిప్పుతున్నామన్న టెన్షన్ ఎవరికీ లేదు.

డాక్టర్ల మీద ఒత్తిడి ఉందని నాకు తెలుసు. అయితే రోజుకు పిలిచే మందిని తగ్గించండి. అప్పీలుకు వచ్చినవాళ్లను మొదట చూసిన డాక్టరు దగ్గరికే పంపకండి. తెచ్చిన కాగితాలు చూశామని రాయండి, ఏ కొలత ఎంత వచ్చిందో, ఏ పనికి ఎంత శాతం వేశారో రాసిన కాగితం అక్కడే కాపీ ఇవ్వండి. కలెక్టరు గారికి సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తున్నాం, అందులోనూ ఇదే అడుగుతున్నాం.

— ఒక పాఠకుడు, ఉరవకొండ, అనంతపురం జిల్లా