ఆ పేరు కాగితాల్లో లేదు

తిరుపతి,
సోమవారం మధ్యాహ్నం

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఇంత ఆలస్యం చేసినందుకు ఏమీ అనుకోవద్దురా. ఇక్కడ అందరం బాగున్నాం. చిన్నదానికి జ్వరం తగ్గింది, మామిడి తోట కౌలుకిచ్చేశాం, నీ సైకిల్ ఇంకా మా మిద్దె మీదే ఉంది. మిగతావన్నీ తర్వాత. ముందు అమ్మ సంగతి నీకు చెప్పాలి.

పోయిన బుధవారం పొద్దున నేను స్నానానికి వెళ్లినప్పుడు అమ్మకి ఫోన్ వచ్చింది. "ట్రెజరీ నుంచమ్మా, మీ లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ కాలేదు, ఈ నెల పెన్షన్ ఆగిపోతుంది" అన్నాడట. అమ్మ ఊరికే నమ్మే మనిషి కాదు కదా, "నిన్ను ఎట్లా నమ్మేది అబ్బీ?" అంది. వాడు తడుముకోకుండా నాయన పూర్తి పేరు, ఉద్యోగంలో చేరిన తేదీ, 2016లో రిటైరైన రోజు, పీపీఓ నంబరు (పెన్షన్ మంజూరు పత్రం మీది నంబరు) అన్నీ చదివేశాడు. చివరగా ఏ బడిలో పనిచేశాడో చెప్పమంటే, పాకాల దగ్గర హైస్కూలని అదీ చెప్పాడు! ఇంకేముంది, అమ్మ నమ్మేసింది. ఓటీపీ కూడా వచ్చేసింది.

నంబరు చదవబోయి, ఏమనిపించిందో ఏమో, "బడిలో పిల్లలు ఆయన్ని ఏమని పిలిచేవాళ్లు?" అని అడిగింది. వాడు ఒక్క క్షణం ఆగి ఫోన్ పెట్టేశాడు.

ఆ పేరేంటో నీకు చెప్పాలా, పెట్టిందే నువ్వు! తొమ్మిదో తరగతిలో బోర్డు మీద రాసి, ఆ రోజంతా ఎండలో... సరే, అది మళ్లీ. నాయన పోయి రెండేళ్లయింది కదరా. ఆ పేరు అమ్మకి తెలుసని నాకు ఇప్పటిదాకా తెలీదు. "మీ నాయనే చెప్పి నవ్వేవాడు" అంది. నాకు ఏడుపొచ్చేసింది.

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. కానీ వాడికి ఇవన్నీ ఎక్కడివి? గురువారం చిత్తూరు బస్సెక్కాను. 2022లో జిల్లా విడిపోయినా నాయన కాగితాలు అక్కడే ఉన్నాయి. ఆఫీసు పేరు రాయను, మనం సర్టిఫికెట్ కోసం మూడుసార్లు తిరిగిన వరండా గుర్తుందిగా.

కౌంటర్లో కొత్తగా చేరిన అమ్మాయి ఉంది. ఆధార్ జిరాక్స్ ఇస్తే తీసుకోలేదు. ఒరిజినల్ అడిగి, దాని మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, అందులో వచ్చిన ఫోటోని, నా ముఖాన్ని మార్చి మార్చి చూసింది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చూపించాను. పెన్షన్ అమ్మది కాబట్టి ఆమె సంతకంతో ఉత్తరం కూడా కావాలంది. అది లేదు. డెబ్బై కిలోమీటర్లు వచ్చాను, "మా నాయన కాగితాలు మాకే చూపించరా?" అని గట్టిగానే అరిచాను. ఆమె గొంతు పెంచలేదు. "అమ్మగారిని తీసుకురండి సార్, ఈ ఫైలు ఇక ఎవరికీ ఊరికే ఇవ్వను" అంది.

మర్నాడు అమ్మతో వెళ్లాక అర్థమైంది. ఫైల్లో రెండు నెలల కిందటి అర్జీ ఒకటి ఉంది. "నేను కొడుకుని, సర్వీస్ రిజిస్టర్ నకలు కావాలి" అని. నాయన ఉద్యోగం వివరాలన్నీ ఉండే పుస్తకం అది. పేరు నాది, సంతకం నాది కాదు! దానికి పిన్ను గుచ్చి నా ఆధార్ జిరాక్స్. అప్పుడున్న మనిషి ఆ కాగితం చూసి నకలు ఇచ్చేశాడు, ఎదురుగా ఉన్నవాడి ముఖం చూడలేదు. ఆ జిరాక్స్ ఎక్కడి నుంచి పోయిందో... లాడ్జీలో ఇచ్చాను, సిమ్ కొన్నప్పుడు ఇచ్చాను, ఇంకా ఎన్ని చోట్లో. ముందు రోజు ఆ అమ్మాయి మీద అరిచినందుకు అక్కడే క్షమాపణ చెప్పాను. అమ్మ ఆమె చేతులు పట్టుకుంది.

రవీ, నువ్వు లాయరువి, ఒకటి చెప్పు. సమాచార హక్కు కింద అడిగేవాడు కారణం చెప్పక్కర్లేదు, పది రూపాయలు కడితే చాలు. అక్కడ కూడా ఒకరి సొంత వివరాలకి ఆ చట్టంలోని సెక్షన్ 8(1)(జె) అడ్డం ఉందని నువ్వే చెప్పావు. మరి మామూలు అర్జీ మీద ఇవెట్లా బయటికి పోతాయిరా? 2017 ఆగస్టులో సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కని తీర్పిచ్చినప్పుడు నువ్వు పెద్ద మెసేజ్ పంపావు. అప్పుడు చదవలేదు, మొన్న రాత్రి వెతికి చదివాను.

పెద్దాఫీసరుకి రాతపూర్వకంగా ఇచ్చాను: నకలు ఇచ్చేముందు పెన్షనరు నంబరుకి ఒక్క ఫోన్ చెయ్యండి అని. ఆధార్‌లో మా ఇద్దరి బయోమెట్రిక్ (వేలిముద్రలు, కనుపాపలు) లాక్ చేశాను. ఇక ఎక్కడైనా చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధారే ఇస్తాను. మదనపల్లెలో మీ అమ్మకి ఈరోజే ఫోన్ చేసి ఇదంతా చెప్పరా, మర్చిపోవద్దు.

ఇంకో మాట, ఆ అర్జీ మీద చేతిరాత చూస్తే నాకెందుకో మన... వద్దు, రుజువు లేకుండా రాయకూడదు. అమ్మ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. బ్యాంకు మూసేలోపు పాస్‌బుక్ సంగతి చూడాలి. రేపు రాస్తా.

నీ
శీను